పాఠశాలలో ఛాయాచిత్రము: చూచువారు, చూడబడువారు

భవభూతి రచించిన ఉత్తరరామచరితము ప్రథమాంకమునందు చిత్రదర్శన ఘట్టము కలదు. రాముని చరిత్రమంతయు చిత్రకారుడు బొమ్మలుగా వ్రాసియుంచగా, లక్ష్మణుడు ఒక్కొక్క బొమ్మను చూపుచు వివరించుచుండును. సీత చూచుచు వినుచుండును. పెండ్లి బొమ్మలో తన చెల్లెండ్ర నడుమ నున్న ఊర్మిళను చూపి, ఈమె యెవరని సీత వేడుకగా అడుగును. లక్ష్మణుడు సిగ్గుపడి, ఆ ప్రశ్నకు బదులు చెప్పక, పరశురాముని బొమ్మవైపు ఆమె చూపును మరల్చును. మఱికొంత సేపటికి శూర్పణఖ బొమ్మ కనబడగానే సీత బెదరును; ఇది బొమ్మయే గదా యని రాముడు ఊరడించును. ఆ బొమ్మలను చూచినందువలననే ఆమెకు మరల అడవులను, గంగను చూడవలెనను కోరిక పుట్టును. ఆ కోరికయే తుదకు ఆమెను అడవిలో విడిచివచ్చుటకు సాకగును.

బొమ్మను గూర్చి ఉపాధ్యాయుడు తెలిసికొనదగిన మూడు సంగతులు ఈ చిన్న ఘట్టములో నున్నవి. బొమ్మ ప్రశ్నను పుట్టించును. బొమ్మను చూపువాడు తనకు చిక్కైన ప్రశ్నను దాటవేయగలడు. బొమ్మ బొమ్మయే యైనను, దాని ఫలితము బ్రతుకులో నిజముగనే అనుభవింపవలసి వచ్చును. నేడు మన పాఠశాలలలో సాగుచున్న ఛాయాచిత్రముల పంపకమును ఈ మూడింటి వెలుగున విమర్శించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఒకప్పుడు మన సీమలో ఫోటో యనునది గొప్పవారి సొత్తు. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ (1844-1905) పెట్టె యెదుట నిలిచినవారు నవాబులు, దొరలు, వేటలో కూలిన పెద్దపులులు. పల్లెటూరి కూలివాడు తన ముఖమును నీళ్లలోనో అద్దములోనో చూచుకొనవలసినదే. నేడు కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో కూలికి పోవువాని జేబులోను సెల్ ఫోను కలదు. ఫోటో తీయుట కన్నుమూసి తెఱచినంత పని. దానిని వేయిమందికి పంపుట అంతకంటె తేలిక. ఈ సౌకర్యము తరగతి గదిలోనికి వచ్చి చాల కాలమైనది. వచ్చి యేమి చేయుచున్నదో విచారించుట మాత్రము మనము మఱచితిమి.

మన బడులలో ఫోటో ఎక్కువగా ఎందుకు తీయబడుచున్నదో చూడుడు. ఉదయపు ప్రార్థన, మధ్యాహ్న భోజనము, మొక్కలు నాటుట, పంద్రాగస్టు జెండా, దాత యిచ్చిన నోటు పుస్తకములు - ఇవియే ముఖ్యమైన ఘట్టములు. తీసిన ఫోటో వెంటనే వాట్సాప్ గుంపులోనికి పోవును. అచ్చటినుండి పై గుంపునకు, దానినుండి ఇంకొక పై గుంపునకు ఎక్కును. పని జరిగినదనుటకు అది సాక్ష్యము. సాక్ష్యము కోరుట తప్పు కాదు. కాని కొంత కాలమునకు పని సాక్ష్యము కొఱకే జరుగ నారంభించును. మొక్క నాటిన ఫోటో ప్రతి బడిలోను దొరకును. వేసవిలో దానికి నీరు పోసిన ఫోటో ఎక్కడను దొరకదు. తర్కశాస్త్రములో ప్రత్యక్షము మొదటి ప్రమాణము. అయినను ఫోటో ప్రత్యక్షము కాదు. ఒకడు చూడదలచిన దానిని, ఒక్క క్షణమున, ఒక్క మూలనుండి పట్టియుంచిన గుర్తు మాత్రమే. ఆ గుర్తునుండి నిజమును ఊహింపవలెనే కాని, దానినే నిజమనుకొనరాదు. ఈ భేదమును పిల్లలకు నేర్పవలసిన మనమే దీనిని మఱచితిమి.

ఇట్లు చెప్పు అర్హత నాకు సులభముగా రాలేదు. నా తప్పువలన వచ్చినది. కొన్ని యేండ్ల క్రిందట నేను పనిచేయుచుండిన బడికి ఒక దాత వచ్చి పిల్లలకు చెప్పులు పంచెను. ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె ముందునకు వచ్చినది. దాత వంగి చెప్పులు అందించుచుండగా, ఆమె దుమ్ము పట్టిన పాదములు, తల వంచుకొన్న ముఖము ఫోటోలో చక్కగా పడినవి. ఫోటో తీసినవాడను నేనే. చిత్రము బాగున్నదని మురిసి బడి గుంపులో పెట్టితిని. సాయంకాలమునకు అది ఊరి గుంపులన్నిటిలో తిరిగినది. మఱునాటినుండి వాడలోని మగపిల్లలు ఆమెకు ఒక ఎగతాళి పేరు పెట్టిరి. తొమ్మిది దినములు ఆమె బడికి రాలేదు. నేను వారి యింటికి పోగా తల్లి నన్ను కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చి, మెల్లగా ఇట్లన్నది: "సారూ, చెప్పులిచ్చిండ్రు, మంచిదే. గా ఫోటో ఎందుకు దీసిండ్రు?"

నా యొద్ద బదులు లేకపోయెను. నా చేతిలోని ప్రతిని తుడిచివేసితిని. ఇతరుల చేతులలోనికి పోయిన ప్రతులను తుడుచుట నా వశము కాదు. ఆ తల్లి ప్రశ్నలోనే ఈ విషయమునకు సంబంధించిన విమర్శ యంతయు ఉన్నదని నాకు తరువాత తోచినది. ఇచ్చుటకును చూపుటకును నడుమ నున్న భేదమును ఆమె ఒక్క మాటలో చెప్పినది. మన పూర్వులు గుప్తదానమును మెచ్చుకొనిరి. మెచ్చుకొనుటకు కారణము దాత వినయము మాత్రమే కాదు. పుచ్చుకొనువాని గౌరవము కూడ.

చట్టము సైతము ఈ విషయమున కొంత మేలుకొన్నది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము ప్రకారము పదునెనిమిది యేండ్లు నిండనివారందఱును బాలురే. వారి వ్యక్తిగత సమాచారమును వాడుకొనుటకు ముందు తల్లిదండ్రుల యొక్కయో సంరక్షకుల యొక్కయో అనుమతి, పరిశీలించి నిర్ధారించుకొనదగిన రీతిలో, పొందవలెనని అందు కలదు. చట్టము మంచిదే. కాని చట్టమునకు భయపడి సంవత్సరారంభమున ఒక కాగితముపై తల్లి చేత వేలిముద్ర వేయించుకొనుటతో మన ధర్మము తీఱదు. ఏ ఫోటో, ఎవరికి, ఎందుకు, ఎంత కాలము అను నాలుగు మాటలు ఆమెకు అర్థమగు భాషలో చెప్పవలెను. వలదనుట ఆమెకు సులభముగా నుండవలెను. వలదన్న పిల్లను గుంపునుండి వేఱుగా నిలబెట్టి అవమానింపకుండుటయు అందులో భాగమే.

ఇంతమాత్రమున ఫోటోను బడినుండి వెలివేయవలెనా? వలదు. కత్తి చేయి కోసినదని కూర తరుగుట మానము గదా. కెమెరా యెవరివైపు తిరిగినది, ఎవరి చేతిలో నున్నది యనునదే ప్రశ్న. పిల్లవానివైపు తిరిగిన కెమెరాను పిల్లవాని చేతికిచ్చి లోకమువైపు త్రిప్పుట నేర్పినచో, అదే యంత్రము చక్కని పాఠ్యోపకరణమగును.

కరీంనగరము జిల్లా గంగాధర మండలములో కురిక్యాల యను గ్రామము కలదు. అచ్చటి బొమ్మలగుట్టపై రాతిలో చెక్కిన జైనమూర్తులు, వాని క్రింద పదవ శతాబ్దపు శాసనము ఉన్నవి. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు దానిని వేయించెను. సంస్కృతము, కన్నడము, తెలుగు - మూడు భాషలును అందు కలవు. తెలుగు భాగము కంద పద్యములలో నున్నందున మన పద్య చరిత్రలో ఆ రాతికి గొప్ప స్థానము కలిగినది. నన్నయ భారతమునకు సుమారు నూఱేండ్లు ముందుగా ఈ సీమలో కందము నడచినదనుటకు అది సాక్షి. ఇంతటి సాక్షి తమ ఊరికి బస్సు దూరములో నున్నదని మన పిల్లలలో ఎందఱెఱుగుదురు?

ఒక తరగతి పిల్లలను అచ్చటికి తీసికొనిపోయి, నలుగురికి ఒక ఫోను చొప్పున ఇచ్చితిమి. మొదట అందఱును తాము ముందు నిలిచి, శాసనము వెనుక కనబడునట్లు ఫోటోలు తీసికొనిరి. అది సహజమే; నేను వారింపలేదు. తరువాత, ఈ ఫోటోలో ఒక్క అక్షరమైనను చదువవచ్చునా యని అడిగితిని. చదువరాలేదు. ఎండ ఎదురుగా పడినపుడు చెక్కిన గీతలు రాతిలో కలిసిపోవును. వెలుతురు ప్రక్కనుండి ఏటవాలుగా పడినపుడు ప్రతి గీతలోను నీడ నిలిచి అక్షరము లేచివచ్చును. ఈ సంగతిని నేను చెప్పలేదు. ఒక పిల్ల గొడుగును అడ్డము పెట్టి, ఇంకొకతె టార్చిలైటును ప్రక్కనుండి వేసి కనుగొన్నది. అంతట ఆ పిల్లలు తమకు తెలిసిన అక్షరములను వేయేండ్ల నాటి రూపములతో పోల్చుకొనసాగిరి. భౌతికశాస్త్రము, లిపిశాస్త్రము, ఛందస్సు ఒక్క బండయొద్ద కలిసినవి.

బడికి తిరిగివచ్చిన పిమ్మట రెండవ పాఠము దొరకినది. వాట్సాప్ ద్వారా పంపిన ఫోటోలలో అక్షరముల అంచులు మసకబారెను. ఏలయన ఆ మార్గమున ఫోటో పోవునపుడు దాని పరిమాణము తగ్గింపబడును. తీసిన తావు, కాలము తెలుపు గుర్తులును రాలిపోవును. అదే ఫోటోను డాక్యుమెంటుగా పంపినచో చెడక చేరును. శాసనమునకు తావు, కాలము అత్యవసరము. ఒక బాలిక ఫోటోకు అవే గుర్తులు ప్రమాదకరము, ఆమె యిల్లు ఎక్కడనో పరుల కెఱింగించును గనుక. ఒక్క సాధనమే ఒకచోట గుణము, వేఱొకచోట దోషము. ఈ వివేకమును పిల్లలు ఉపన్యాసమువలన గాక పనివలన నేర్చుకొనిరి.

ఇక తీసిన ఫోటోలను ఎక్కడ ఉంచవలెనను ప్రశ్న. ఇప్పుడు మనకు తెలిసిన తావులు ముఖ్యముగా మూడు తెగలవి. వాట్సాప్ వంటి గుంపులు మొదటి తెగ. అచ్చట వార్త వేగముగా నడచును, నిలువదు. నిన్నటి ఫోటో నేటి శుభోదయముల క్రింద పడి కనబడదు. దానిని నోటీసు పలకయని తలచవచ్చును. గ్రంథాలయమని తలచుట పొరపాటు.

ఫ్లికర్ వంటి ఆల్బములు రెండవ తెగ. 2004లో ఫ్లికర్ వెలువడినపుడు పాశ్చాత్య దేశముల ఉపాధ్యాయులు దానిని సంతోషముగా స్వీకరించిరి. ఫోటోలో ఒక భాగము చుట్టు గడి గీసి, ఆ భాగమును గూర్చి గమనిక వ్రాయు వీలుండుటయే అందుకు ముఖ్యకారణము. తరగతి యంతయు ఒక్క బొమ్మ చుట్టు కూర్చుండి వ్యాఖ్యానము వ్రాయవచ్చును. మన టీకా సంప్రదాయమునకు ఇది ఎంత దగ్గఱగా నున్నది! 2008లో అమెరికా దేశపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన పాత ఫోటోలను అందుంచి, చూచువారినుండి వివరములు కోరెను. కాని ఈ ఆల్బములు వ్యాపార సంస్థలవి. ఫ్లికర్ 2005లో యాహూ చేతికి, 2018లో స్మగ్‌మగ్ చేతికి పోయెను. కొత్త యజమానులు ఉచిత ఖాతాకు వేయి ఫోటోల హద్దు పెట్టి, మిగిలినవి తొలగింతుమని చెప్పిరి. అద్దె యింటిలో గోడపై వ్రాసిన పాఠమువంటిది ఇది. ఇల్లు ఖాళీ చేయునాడు గోడను తీసికొనిపోలేము.

వికీమీడియా కామన్స్ మూడవ తెగ. అదియు 2004లోనే ఆరంభమైనది, లాభాపేక్ష లేనిది. అందు తెలుగులో శీర్షిక వ్రాయవచ్చును. ఆ బొమ్మలను తెలుగు వికీపీడియా వ్యాసములలో నేరుగా వాడవచ్చును. బొమ్మలగుట్ట ఫోటో వంటి దానికి అది తగిన తావు. అయినను ఒక్క హెచ్చరిక. అందుంచిన ఫోటోను ఎవరైనను, వ్యాపారమునకు సైతము, తీసినవారి పేరు చెప్పి వాడుకొనవచ్చును. ఒకసారి యిచ్చిన ఆ అనుమతిని వెనుకకు తీసికొనుటకు వీలులేదు. కావున రాతిని, చెట్టును, గుడిని అచ్చట ఉంచవచ్చును. పిల్లల ముఖములను ఉంచరాదు. నా మట్టుకు ఈ గీత చాల స్పష్టమైనది.

ఇంతవరకు చెప్పినది తీయుటను గూర్చి. చూచుటను గూర్చి చెప్పవలసినది ఇంకను విలువైనది. దానికి ఆదిలాబాదు సీమయే మంచి తార్కాణము.

1940లో జోడెఘాట్ వద్ద కుమురం భీము నిజాము పోలీసుల తుపాకులకు బలియయ్యెను. ఆ పిమ్మట గోండుల అశాంతికి కారణములను తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫును వినియోగించెను. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్తుతో కలిసి మార్లవాయి యను గోండు గూడెములో నివసించెను. భూమి పట్టాలు గోండులకు దక్కుటకు ఆయన నివేదికలు తోడ్పడినవి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము ఆరంభమైనది. గోండీ భాషలో వాచకములు వెలసినవి. 1987లో మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే యున్నది. 1995లో లండనులో కన్నుమూసిన ఆయనకును ఆమె ప్రక్కనే సమాధి కట్టిరి. ఆ దంపతులను ఆ గూడెము నేటికిని కృతజ్ఞతతో తలచుకొనును.

ఆయన తీసిన ఛాయాచిత్రములు లండనులోని సోయాస్ యను ప్రాచ్య విద్యాసంస్థలో చేరినవి. ఆ సంస్థ వానిని అంతర్జాలమున అందఱు చూచునట్లు ఉంచినది. నాడు కెమెరా యెదుట నిలిచిన గోండు బాలుని మునిమనుమడు నేడు ఉట్నూరులోనో జైనూరులోనో బడిలో కూర్చుండి, తన ముత్తాత నాటి గూడెమును తెరపై చూడవచ్చును. ఇది చిన్న మేలు కాదు. కాని విమర్శకుడు ఇక్కడ ఆగరాదు. ఆ కెమెరా ఎంత సానుభూతి గలదైనను ప్రభుత్వము పంపగా వచ్చినది. తుపాకి వెనుక వచ్చినది. చూచినవాడు ఒకడు, చూడబడినవారు వేఱొకరు. బొమ్మల క్రింది వ్రాతలు ఇంగ్లీషులో నున్నవి. ఆ వస్తువును గోండీలో ఏమందురో, ఆ పండుగలో ఆమె ఎందుకట్లు నిలిచినదో చెప్పగలవారు లండనులో లేరు. గూడెములోని ముసలివారు కలరు. వారును ఒక్కొక్కరుగా రాలిపోవుచున్నారు.

కావున ఆదిలాబాదు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి పని లేదని నేను దృఢముగా చెప్పుదును. ఆ బొమ్మలను తెరపై చూపుడు. పిల్లల చేత ఇంటికి పంపుడు. తాత నడిగి, అవ్వ నడిగి, ప్రతి బొమ్మకు గోండీలో ఒక వాక్యము, తెలుగులో ఒక వాక్యము వ్రాయించుడు. ఇంగ్లీషు వ్రాతలో తప్పున్నచో దిద్దించుడు. అప్పుడు చూడబడినవారే చెప్పువారగుదురు. భాష మాటలాడు పిల్లవాడు తరగతిలో వెనుక బల్లనుండి ముందునకు వచ్చును. ఆ దినమున ఉపాధ్యాయుడే శిష్యుడు.

ఇట్లు చేయనియెడల ఏమగునో మన బడి వార్షికోత్సవములు చెప్పుచున్నవి. గుస్సాడి వేషమును చూడుడు. దీపావళి వేళ దండారి పండుగలో నెమలి యీకల కిరీటము ధరించిన గోండు పురుషుడు దీక్షలో నుండును. దీక్ష ముగియువరకు స్నానము సైతము చేయడు. ఆ కిరీటము పూజింపబడును. మార్లవాయికి చెందిన కనక రాజు ఈ కళకుగాను 2021లో పద్మశ్రీ పొంది 2024లో దివంగతుడయ్యెను. అట్టి దానిని కాగితపు ఈకలతో ఏదో మాసమున పిల్లల చేత ఆడించి, గిరిజన నృత్యమని శీర్షిక పెట్టి పంచుచున్నాము. అవమానింపవలెనని ఎవరును తలచలేదు. శీర్షిక వ్రాయునపుడు అడుగవలసినవారిని అడుగలేదు, అంతియే తప్పు.

కొందఱు ఆక్షేపింపవచ్చును. ఉపాధ్యాయునకు ఉన్న పనియే తీఱకున్నది, ఇదియేమి కొత్త బరువు అని యొక ఆక్షేపణ. ఇది బరువు పెంచుట కాదు. దినమునకు పది వ్యర్థపు ఫోటోలు మాని నెలకొక మంచి ఫోటో తీయుడనియే నా మనవి. ఫోను చేతికిచ్చిన పిల్లవాడు ఆటలలో పడి చెడునని రెండవ ఆక్షేపణ. ఇది నిజమైన భయము. అందుకే ఫోను ఉపాధ్యాయునిదై, పని ఒక గంటదై, పిల్లలు గుంపుగా నుండవలెను. ఫోను లేని యింటి పిల్లకు ఈ పద్ధతిలోనే సమానమైన వంతు దక్కును. ఫోటో అలవాటుపడిన కన్ను చదువుటను మఱచునని మూడవ ఆక్షేపణ. శీర్షిక లేని ఫోటోల విషయమున ఇది సత్యము. అయిదు వాక్యములు వ్రాయనిదే ఏ ఫోటోను పంపరాదను నియమమున్నచో, ఫోటో చదువునకు శత్రువు కాదు, ఎర యగును.

మా తరగతిలో ఇప్పుడు ఒక్క నియమము నడచుచున్నది. ఫోటోలో మనిషి ఉన్నచో, మొదట ఆ మనిషియే దానిని చూడవలెను. చూచి ఒప్పుకొన్న తరువాతనే ఇంకొకరు చూడవలెను. దీనివలన మా బడి గుంపులో ఫోటోలు చాల తగ్గినవి. పై గుంపులవారు అప్పుడప్పుడు ఏల తగ్గినవని అడుగుచుందురు.

సీత వేసిన ప్రశ్న చిన్నది: ఈమె యెవరు? మన పిల్లలు ప్రతి ఫోటోను చూచి ఆ ప్రశ్న అడుగుట నేర్చుకొనవలెను. బదులు చెప్పవలసి వచ్చినపుడు మనము లక్ష్మణునివలె మఱియొక బొమ్మవైపు వ్రేలు చూపరాదు. ఆ తల్లి నన్నడిగిన దానికి నేను నాడు బదులు చెప్పలేకపోతిని. ఈ వ్యాసము ఆమెకు చేరదు. అయినను ఇది ఆమెకే నా సమాధానము.